జైలు గోడకు ఇవతలి ఇల్లు
(చిలుకూరు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి మాట్లాడతాననుకొని వచ్చినవారు మన్నించాలి. అది కార్యదర్శిగారు నాకంటే బాగా చెప్పగలరు. నాకిచ్చిన పది నిమిషాలూ జైలుకు వెళ్ళినవారి ఇళ్ళ గురించి మాట్లాడతాను.

ఈ ఊరికి జైలు మాట కొత్త కాదు. 1941లో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది ఈ చిలుకూరులోనే. ఆ తరువాతి పదేళ్ళలో ఈ ప్రాంతం నుంచి ఎందరు జైళ్ళ పాలయ్యారో పెద్దలకు తెలుసు. 1972లో కేంద్రం సమరయోధుల పెన్షను పెట్టినప్పుడు ఆరు నెలల జైలువాసాన్ని ఒక అర్హతగా తీసుకున్నది. ఆయన పోతే భార్యకూ ఇచ్చింది. దేశం కోసం వెళ్ళడమూ, నేరం చేసి వెళ్ళడమూ ఒకటేనని నేననను. కాని సంపాదించే మనిషి లేకపోతే ఏ ఇంట్లోనైనా పొయ్యి ఒకే తీరుగా చల్లారుతుంది.

నాకు తెలిసిన ఒక కూలి మనిషి ఉన్నది. భర్తకు శిక్షపడి చర్లపల్లి జైలులో ఉన్నాడు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు, సంతోషమే. అయినా ములాఖత్‌కు వెళ్ళి వచ్చేసరికి రెండు రోజుల కూలి పోతుంది. అందుకని వెళ్ళడం తగ్గించింది. కొడుకును బళ్ళో పిల్లలు ఏమంటారో ఆమె చెప్పలేదు, నేనడగలేదు. రేపు ఆ మనిషి విడుదలై వస్తే, పిల్లవాడికి తండ్రి ముఖం కొత్తగా ఉంటుంది. మార్పు రావాలని లోపలి మనిషికి ఎంత చెప్పినా, తిరిగి వచ్చేందుకు ఇల్లు మిగలకపోతే ఏం లాభం?

గుర్రం జాషువాగారి కుమార్తె హేమలతా లవణంగారు, భర్త లవణంగారితో కలిసి స్టువర్టుపురంలో నేరస్తులని ముద్రపడిన కుటుంబాల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశారు. అందులో నాకు నచ్చింది ఒకటే. మనిషిని ఒంటరిగా కాక, ఇంటితో కలిపి చూశారు.

ఇక గ్రాంటుల మాట. 2023-24 కేంద్ర బడ్జెటులో పేద ఖైదీల సహాయ పథకం ప్రకటించారు. అప్పటి మార్గదర్శకాల ప్రకారం, బెయిలు మంజూరైనా ఆ సొమ్ము కట్టలేని విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు, జరిమానా కట్టలేక లోపలే ఉండిపోయిన శిక్షా ఖైదీకి 25,000 వరకు ప్రభుత్వమే కోర్టులో కడుతుంది. జిల్లా కలెక్టరు, ఎస్పీ, జైలు సూపరింటెండెంటు, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి వంటివారితో కమిటీ. అవినీతి, మత్తుమందులు, మనీ లాండరింగ్, ఉగ్రవాదం కేసులకు వర్తించదు. మంచి పథకం. కాని నిధులు సరిగా వాడుకోవడం లేదని కేంద్ర హోంశాఖే రాష్ట్రాలకు రాయవలసి వచ్చింది. ట్రెజరీలో పనిచేసినవాణ్ణి కనుక నాకిది వింత కాదు. బడ్జెటులో హెడ్డు ఉంటే చాలదండీ, బిల్లు పెట్టేవాడు ఉండాలి!

పైగా ఆ డబ్బు మనిషిని బయటికి తేవడానికే. ఆయన లోపల ఉన్నన్నాళ్ళూ ఇంటికి ఏమిటి? పిల్లల స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 ఇచ్చే ఏర్పాటు మిషన్ వాత్సల్యలో ఉన్నది. 2015 బాలల న్యాయ చట్టం 45వ సెక్షనులో అర్హుల పట్టిక ఉన్నది. తల్లి వితంతువైనా, విడాకులు పొందినా, కుటుంబం విడిచిపెట్టినా, తల్లిదండ్రులకు ప్రాణాంతక వ్యాధి ఉన్నా, ప్రమాదంలో పనికి రాకుండా పోయినా, పిల్లలు అనాథలై బంధువుల దగ్గర ఉన్నా వర్తిస్తుంది. ఖైదీ బిడ్డ అనే మాట అందులో లేదు. అయితే ఆ పట్టిక ‘ఇవి మాత్రమే’ అనడం లేదు, కాబట్టి అడిగే దారి ఉన్నది. కేరళలో ఖైదీల పిల్లల చదువుకు ప్రత్యేక సహాయ పథకమే నడుపుతున్నారు. మన దగ్గరా అలాంటిది పెట్టాలని సంఘం తరఫున తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాను.

తీర్మానం వచ్చేలోగా మనం చేయగలిగింది మనకు బాగా వచ్చిన పని, దరఖాస్తు రాయడం. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్నవారికి, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. ఇది చాలా ఇళ్ళకు తెలియదు. నెలకొకసారి ఇద్దరం ముగ్గురం ఇక్కడే కూర్చుని, వచ్చినవారికి కాగితాలు రాసి సూర్యాపేటలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపిద్దాం. కేసు ఏమిటని అడగవద్దు, జైలు పేరు, ఖైదీ నంబరు, పిల్లల చదువు అడిగితే సరిపోతుంది. వచ్చే నెల మొదటి సోమవారం నేను కూర్చుంటాను. మరొకరు పేరిస్తే కార్యదర్శిగారు రాసుకుంటారు.