బిడ్డ మూర్ఛ – చూచినవారి సాక్ష్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో ఒక యువ వైద్యుని ప్రసంగ పాఠము)



ఝరాసంగము గ్రంథాలయ రజతోత్సవమున నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు నన్ను ఆహ్వానించిరి. "పిల్లల నరముల వైద్యమని వేరుగా ఒకటి కలదా? దానికి అన్ని యేండ్ల చదువెందుకు?" అని పలువురు నన్ను అడుగుచుందురు. దానికి సమాధానమే నేటి నా ప్రసంగము.

ఎం.బి.బి.ఎస్. పట్టమునకు 5½ సంవత్సరములు, శిశువైద్యమున ఎం.డి.కి 3, ఆపై పిల్లల నరముల వైద్యమున డి.ఎం.కు మరి 3. వెరసి 11½ సంవత్సరములు. ఇంత కాలము పట్టుటకు కారణము కలదు. పెద్దవాని మెదడు కట్టి ముగించిన ఇల్లు; బిడ్డ మెదడు ఇంకను కట్టుచున్న ఇల్లు. ఒకే లక్షణము ఒక నెలలో సహజము, మరియొక నెలలో రోగము. చప్పుడైనపుడు రెండు నెలల పసికందు చేతులు చాచి ఉలికిపడుట సహజమే. ఎనిమిది నెలల బిడ్డ ఏ చప్పుడును లేకయే, నిద్ర లేచిన వెంటనే, తల వంచుచు వరుసగా పదిమార్లు ఉలికిపడినచో అది సహజము కాదు. ఏ నెలకు ఏది సహజమో తెలిసికొనుటయే మా చదువులో మొదటి పాఠము.

ఈ శాస్త్రమున నా మనస్సును మిక్కిలి ఆకర్షించినది పసిబిడ్డల మూర్ఛరోగము. 1841లో ఇంగ్లాండున విలియం జేమ్సు వెస్టు అను వైద్యుడు తన సొంత కుమారుని వ్యాధిని వర్ణించి 'లాన్సెట్' వైద్యపత్రికకు లేఖ వ్రాసెను. నాలుగు నెలల వరకు చక్కగా పెరిగిన ఆ బిడ్డ, పిదప తల ముందునకు వంచి ఎత్తుట మొదలిడెను. సలాము చేయునట్లుండుటచే దానికి 'సలాము మూర్ఛ' యను పేరు వచ్చినది. మెదడులోని విద్యుత్తును గీతలుగా తీయు ఈ.ఈ.జీ. నాటికి లేదు, జర్మనీలో హాన్సు బెర్గరు మానవుని మెదడు గీతలను మొదట తీసినది 1924లో. వెస్టు తన బిడ్డను నయము చేయలేకపోయెను. కాని ఆ తండ్రి శ్రద్ధగా చూచి వ్రాసినదే నేటికిని మాకు పాఠము. ఆ వ్యాధి ఆయన పేరనే పిలువబడుచున్నది. నేడు దీనికి మందులు కలవు. ఎంత త్వరగా మొదలిడిన బిడ్డ బుద్ధి వికాసమునకు అంత మేలు. మన యిండ్లలో "బిడ్డ దడుచుకొన్నాడు" అని తాయెత్తు కట్టి నెలలు గడపుట కలదు. ఆ నెలలు తిరిగి రావు.

ఇందు గ్రహింపవలసిన దేమన, మా తొలి సాధనము యంత్రము కాదు, చూచినవారి మాట. బిడ్డ మా యెదుటకు వచ్చువేళకు మూర్ఛ సాధారణముగా ఆగియుండును. మూర్ఛరోగము ఉన్నను ఈ.ఈ.జీ. ఒక్కొక్కపుడు మామూలుగా రావచ్చును. ఎంతసేపు వచ్చినది? ఏ ప్రక్క మొదలైనది? కన్నులు ఎటు తిరిగినవి? జ్వరముండెనా? నిద్రలోనా, మెలకువలోనా? ఈ అయిదు ప్రశ్నలకు తల్లి చెప్పు సమాధానమే సగము వైద్యము. చేతిలో ఫోనున్నవారు ఒక నిమిషము చిత్రము తీసినచో మరియు మేలు. ఉపాధ్యాయులకును ఒక విన్నపము. పాఠము నడుమ కొన్ని క్షణములు కన్నార్పక శూన్యముగా చూచి, మరల ఏమియు ఎరుగనట్లు ఉండు పిల్లవానిని పరధ్యానమని దండింపకుడు. అదియు ఒక విధమైన మూర్ఛ కావచ్చును.

మూర్ఛ వచ్చినపుడు బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, బట్టలు వదులు చేసి, గడియారము చూడుడు. నోట చెంచా గాని, నీరు గాని పెట్టకుడు. తాళపుచెవులు పట్టించుట, వాతలు పెట్టుట ఎంతమాత్రము కూడదు. 6 నెలల నుండి 5 సంవత్సరముల లోపు పిల్లలకు జ్వరముతో వచ్చు మూర్ఛ చాలవరకు కొద్ది నిమిషములలో తానే ఆగును. వారిలో అధికులకు అది మూర్ఛరోగముగా మారదు. అయినను మొదటిసారి వచ్చినచో వైద్యునకు చూపవలయును. అయిదు నిమిషములు దాటినను, తెలివి రాకున్నను వెంటనే 108కు ఫోను చేయవలయును. 2003లో మన తెలుగు జిల్లాలలో చాందీపుర వైరసు వలన వచ్చిన మెదడువాపునకు 329 మంది పిల్లలు గురికాగా 183 మంది మరణించిరి. అట్టి వ్యాధులలో దినములు కాదు, గంటలు లెక్కింపవలసియుండును.

సంగమేశ్వరునకు మ్రొక్కుకొనుటకు నేను అడ్డుచెప్పను. మ్రొక్కు మనస్సుకు ధైర్యము. మందు మెదడుకు రక్ష. మూర్ఛ ఆగినదని వైద్యుని అడుగక మందు మానకుడు. ఇది అంటువ్యాధి కాదు. బిడ్డను బడి మాన్పించుట గాని, దాచుట గాని వలదు.

ఇరువది యైదేండ్లుగా ఈ గ్రంథాలయము గ్రామమునకు చదువు రుచి చూపినది. చదువ నేర్చినవారు చూచినది వ్రాయనుగూడ నేర్తురు. కావున ఈ గోడపై ఆ అయిదు ప్రశ్నలను పెద్ద అక్షరములతో వ్రాయించుడని కార్యవర్గమువారిని కోరుచున్నాను. చదువురాని తల్లి వచ్చినచో ఆమె చెప్పినది ఒక చందాదారుడు కాగితముపై వ్రాసి ఇచ్చుగాక. ఆ కాగితము ఒక బిడ్డకు ఎన్నో నెలలు మిగుల్చును.