సాయంకాలపు జ్వరము, చర్మముపై మచ్చలు

(మన సంఘ వారపు సమావేశమున చేసిన ప్రసంగము)



మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి వ్యాపారము చేసుకొనుచున్నవారము. వైద్యులనడిగి తెలిసికొన్న విషయమును మీకు విన్నవించుట మా విధియని ఎంచితిమి.

మన పెద్దలు నిజాము రాజ్యమునుండి కట్టుబడి పనులకు వచ్చి, ఈ పేటకు కామాటిపురమను పేరు కలుగుటకు కారకులైరి. వారితోపాటు కొన్ని భయములును వచ్చినవి. జ్వరముతో ఒంటిమీద మచ్చలు కనబడగానే అమ్మవారని వేపమండలు కట్టుదుము. మశూచి లోకమునుండి తొలగినదని 1980లో ప్రకటింపబడినది. భయము మాత్రము నిలిచియున్నది.

మా చాళ్లలో ఒక యువకునికి మూడు వారములు ప్రతి సాయంకాలము తీవ్రజ్వరము, కీళ్లనొప్పులు, గొంతునొప్పి కలిగినవి. జ్వరము హెచ్చినపుడు రొమ్ముపై, భుజములపై లేత ఎరుపు మచ్చలు పుట్టి, తెల్లవారుసరికి మాయమగుచుండెను. వైద్యునికి చూపుటకేమియు మిగులలేదు. ఇరుగుపొరుగువారు అతనిని నీళ్లబిందె తాకనీయరైరి. తుదకు పెద్దాసుపత్రిలో అది స్టిల్ వ్యాధియని తేలినది.

1897లో లండనులో డాక్టరు స్టిల్ దీనిని పిల్లలయందు వర్ణించెను. పెద్దలకును వచ్చునని 1971లో డాక్టరు బైవాటర్స్ తెలిపెను. దేహరక్షణశక్తియే అదుపుతప్పి వాపు కలిగించు అరుదైన వ్యాధి యిది. అంటునది కాదు.

ఇది యౌవనమున హెచ్చు; నడివయస్సువారికిని, వృద్ధులకును రావచ్చును. చామనచాయ, నలుపు మేనులపై ఎరుపు స్పష్టముగా కానరాదు. కొందరిలో మచ్చలు మాయముగాక దురదతో నిలిచియుండును. దీనిని తేల్చు పరీక్ష ఒక్కటియు లేదు. మలేరియా, డెంగీ, క్షయ వంటివి కావని ముందుగా నిశ్చయింపవలెను. వృద్ధులలో కాన్సరు కాదని చూచుట మరింత అవసరము. రక్తములో ఫెరిటిన్ మిక్కిలి హెచ్చియుండుట ఒక ముఖ్యమైన ఆనవాలు. ఉపేక్షించినచో ప్రాణాపాయమును కలుగవచ్చును. సకాలమున చికిత్స చేసినచో అనేకులు కోలుకొందురు.

కావున జ్వరము వచ్చిన వేళలు కాగితముపై వ్రాసికొనుడు. మచ్చలు కనబడిన క్షణముననే ఫోనుతో ఛాయాచిత్రము తీయుడు. మందుల దుకాణమున అడిగి స్టెరాయిడు మాత్రలు మ్రింగకుడు. వైద్యుడిచ్చినవానిని తమంత తాము మానకుడు. జె.జె., నాయర్ ఆసుపత్రులు మనకు చేరువనే గలవు.

తట్టు, ఆటలమ్మ వంటివి అంటునవే. అందుచేతనే ఏది ఏదో తేల్చవలసినది వైద్యుడు, ఇరుగుపొరుగు కాదు. రోగిని గదిలో మూసియుంచక, తోడు నడచి ఆసుపత్రికి చేర్చుదమని కోరుచు సెలవు గైకొనుచున్నాము.