అరచేతికి మించిన ఫోను

యంత్రములకు సాధారణముగా ఒక గతి కలదు. పుట్టినపుడు పెద్దవిగా ఉండి, వయసు వచ్చినకొలది చిన్నవగుచుండును. బల్లనంతయు ఆక్రమించిన వాల్వు రేడియో, 1954లో ట్రాన్సిస్టరు రేడియో అంగడికి వచ్చిన పిమ్మట, క్రమముగా చేతిసంచిలోనికిని, చొక్కా జేబులోనికిని దిగినది. సెల్‌ఫోను కూడ మొదట ఈ దారినే నడచినది. 1983లో అమెరికాలో అమ్మకమునకు అనుమతి పొందిన మోటరోలా సంస్థవారి చేతి ఫోను బరువు దాదాపు 800 గ్రాములు. 1996లో అదే సంస్థ తెచ్చిన మడత ఫోను 88 గ్రాములు మాత్రమే తూగినది. 1999 నాటి నోకియా 8210 బరువు 79 గ్రాములు. అచ్చటి నుండి కథ వెనుకకు తిరిగినది. నేటి పెద్ద తెరల స్మార్ట్‌ఫోనులు పెక్కు 200 గ్రాములు దాటి తూగుచున్నవి. చిన్నదగుచు వచ్చిన వస్తువు మరల పెద్దదగుటకు కారణమేమి? ఆ పెద్దతనము వలన మనకు లభించినదేమి, పోయినదేమి? ఈ విషయమును కొంచెము విచారింతము.

ఫోను చెవికి సంబంధించిన వస్తువుగా ఉన్నంతకాలము చిన్నదగుటయే దానికి మేలు. మాట వినిపించుటకు గుప్పిట ఇమిడెడు పెట్టె చాలును. 2007లో ఐఫోను వచ్చినపుడు దాని తెర 3.5 అంగుళములు. నాటికి అది విశాలమైన తెరయే. కాని ఆ తరహా ఫోనులతో ఉత్తరములు, వార్తలు, దారి చూపు పటములు, చలనచిత్రములు అన్నియు ఫోనులోనికి చేరినవి. ఫోను చెవిని విడిచి కంటి ఎదుటికి వచ్చినది. చెవికి చాలినది కంటికి చాలదు. పెరుగుదలకు మూలకారణ మిదియే.

అయినను ఈ మార్పు వాదము లేకుండ జరుగలేదు. 2010లో డెల్ సంస్థ 5 అంగుళముల తెరతో స్ట్రీక్ అను ఫోనును తెచ్చినది, అది నిలద్రొక్కుకొనలేదు. ఆ సంవత్సరము జూలైలోనే ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ పత్రికలవారి ఎదుట, చేతి పట్టునకు అందనంత పెద్ద ఫోనును ఎవరును కొనరని చెప్పినారు. 2011లో శామ్‌సంగ్ సంస్థ 5.3 అంగుళముల గెలాక్సీ నోట్‌ను ఒక వ్రాతకలముతో సహా విడుదల చేసినపుడు, పలకను చెవికి ఆనించి మాటలాడుట ఎట్లని నవ్వినవారును ఉండిరి. అంగడి తీర్పు వేరుగా వచ్చినది. 2014లో ఆపిల్ సంస్థయే 5.5 అంగుళముల ఐఫోనును తెచ్చినది. ఫోనునకును టాబ్లెట్‌కును నడుమనున్న ఈ జాతికి ఆ రోజులలో ఫ్యాబ్లెట్ అని పేరు పెట్టిరి. ఇప్పుడు ఆ పేరు వినబడుట అరుదు. అన్ని ఫోనులును ఆ పరిమాణమునకు వచ్చిన తరువాత వేరు పేరుతో పనిలేదు గదా.

ఇచ్చట కొనువారు గమనింపవలసిన లెక్క యొకటి కలదు. తెర కొలతగా ప్రకటనలలో చెప్పు అంగుళములు పొడవును కాదు, వెడల్పును కాదు. ఒక మూలనుండి ఎదుటి మూలకు గల దూరము. 2007 నాటి 3.5 అంగుళముల తెరతో 2024 నాటి 6.9 అంగుళముల తెరను పోల్చినచో మూలకొలత ఇంచుమించు రెట్టింపయినది. వైశాల్యమో మూడు రెట్లు మించినది. మరియొక చిత్రము: 2017 ప్రాంతమునుండి తెరలు వెడల్పున గాక నిలువున పెరుగసాగినవి. పూర్వపు 16:9 నిష్పత్తి గల 5.5 అంగుళముల తెరకును, ఇప్పటి 20:9 నిష్పత్తి గల 6.5 అంగుళముల తెరకును వెడల్పు ఒకటే, సుమారు 2.7 అంగుళములు. పెరిగినదంతయు పొడవే. కనుక అంగుళముల అంకె పెరిగినంత మాత్రమున అక్షరముల మీటలు పెద్దవి కావు. పెద్ద ఫోను కొన్నచో తెలుగు టైపు చేయుట సులభమగునని ఆశపడువారు ఈ సంగతి ముందుగా తెలిసికొనుట మంచిది.

ఇక లాభములు. వానిలో మొదటిది చదువు. ఈ లాభము తెలుగువారికి కొంత హెచ్చుగానే కలదు. మన అక్షరమునకు పైన గుడులు, క్రింద ఒత్తులు. పంక్తికిని పంక్తికిని నడుమ చోటు విడువనిచో ఒత్తును క్రింది గుడి తాకును. మాటలా, సమాసములతోను విభక్తులతోను పొడవైనవి. నలుబది దాటి చత్వారము వచ్చినవారు అక్షరమును పెద్దది చేసికొన్నపుడు, చిన్న తెరపై పంక్తికి రెండు మాటలు మాత్రమే పట్టును. వాక్యము మొదలు తెరపైన కనుమరుగైన పిదప గాని చివర కంటబడదు. పెద్ద తెరపై వాక్యము వాక్యముగా నిలుచును. అర్థము తెలియుటకు అది చాల అవసరము.

రెండవది, పెక్కు ఇండ్లలో ఫోనే కంప్యూటరు. 2020లో బడులు మూతపడినపుడు, ఇంట మరియొక తెర లేని పిల్లలు నల్లబల్లను ఫోనులోనే చూచిరి. ఉపాధ్యాయుడు వ్రాసిన లెక్క కనబడుటకును కనబడకపోవుటకును నడుమ ఒక్కొక్కపుడు అంగుళమే తేడా. దరఖాస్తులు నింపుట, బ్యాంకు లెక్క చూచుకొనుట, దూరదేశమున నున్న బిడ్డల ముఖమును చూచి మాటలాడుట, ఇవన్నియు పెద్ద తెరపై సుఖముగా జరుగును. మూడవది, పెద్ద దేహములో పెద్ద బ్యాటరీకి చోటుండును. 2011 నాటి గెలాక్సీ నోట్‌లో 2500 మిల్లీయాంపియరు గంటల బ్యాటరీ ఉండగా, నేడు 5000 గలవి సామాన్యములు. పెద్ద తెర విద్యుత్తును ఎక్కువగా త్రాగుననుటయు నిజమే కాని, మొత్తముమీద ఈ బేరములో నష్టము లేదు.

కంటికి దొరికిన ఈ సుఖమునకు వెల చెల్లించుచున్నది చేయి. ఒక చేత సంచియో, బస్సులోని కమ్మియో, చంటిబిడ్డయో ఉన్నపుడు రెండవ చేతితోనే ఫోను పట్టి, ఆ చేతి బొటనవ్రేలితోనే తెర నడుపవలెను. పెద్ద ఫోనులో ఆ వ్రేలు పైమూలకు అందదు. అందించుటకై పట్టు సడలింతుము. పట్టు సడలినపుడే ఫోను జారును. ఈ చిక్కు తయారీదారులకు తెలియనిది కాదు. తెరపై భాగమును క్రిందికి దింపు ఏర్పాటును ఆపిల్ సంస్థ 2014లో పెద్ద ఫోనులతోపాటే ప్రవేశపెట్టినది. తెరను తాత్కాలికముగా కుదించి ఒంటి చేతికి అందించు ఏర్పాట్లు ఇతర ఫోనులలోను కలవు. తెరను పెంచి, పెంచిన తెరను మరల దింపవలసి వచ్చుటయే ఆ పెద్దతనము చేతికి తగలేదనుటకు సాక్ష్యము. బరువును చిటికెన వ్రేలిపై మోపి, బొటనవ్రేలిని గంటలకొలది చాచి ఆడించుటచే మణికట్టు, బొటనవ్రేలి మొదలు నొచ్చుటయు కలదు. అట్టి నొప్పి విడువక బాధించినపుడు వైద్యునికి చూపుట మేలు.

ఈ కష్టము అందరికిని సమానము కాదు. స్త్రీల అరచేతులు సగటున పురుషుల అరచేతులకంటె చిన్నవి. చీరకు జేబు లేదు. వృద్ధుల చేతికి పట్టు తక్కువ. అనగా పెద్ద అక్షరము ఎవరికి ఎక్కువ అవసరమో, ఆ వృద్ధులకే పెద్ద ఫోను ఎక్కువ భారము. చిన్న ఫోను కొనుక్కొనవచ్చును గదా యందురా? ఆపిల్ సంస్థ 2020లోను, 2021లోను 5.4 అంగుళముల మినీ ఫోనులను తెచ్చినది. 2021 నాటి మినీ వెడల్పు 64 మిల్లీమీటర్లు, బరువు సుమారు 140 గ్రాములు. అదే ఏటి పెద్ద ఫోను వెడల్పు 78 మిల్లీమీటర్లు, బరువు సుమారు 240 గ్రాములు. 2022లో వచ్చిన క్రొత్త ఫోనుల వరుసలో మినీ లేదు. కోరువారు కొలదిమంది యైనపుడు వర్తకుడు దానిని తీసివేయుట వర్తక న్యాయమే. అయినను ఆ కొలదిమందికి చేయి మారదు గదా. చెప్పుల దుకాణములో అందరికిని ఒకే కొలత చూపినచో మనము ఊరకుందుమా? పెద్ద ఫోనులు ఉండుట దోషము కాదు. చిన్నవి లేకపోవుటయే మా దృష్టిలో అసలు నష్టము.

కంటికిని చేతికిని సంధి చేయుటకు 2019 నుండి మడత తెరల ఫోనులు వచ్చుచున్నవి. జేబులో చిన్నవి, విప్పినపుడు పెద్దవి. ఉపాయము బాగున్నది గాని, పుస్తకమువలె విప్పునట్టి వాని వెల సామాన్య కుటుంబమునకు అందునది కాదు.

కావున ప్రస్తుతము మన చేతిలో నున్నది వివేకముతో ఎన్నుకొనుటయే. అంగుళముల అంకెను మాత్రమే చూడక, వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో, బరువు ఎన్ని గ్రాములో అడుగుడు. తొడుగు వేసిన పిదప ఆ రెండును ఇంకను పెరుగునని మరువకుడు. దుకాణములో ఫోనును ఒక చేత పట్టి, బొటనవ్రేలు ఎదుటి పైమూలకు ఎంత దూరమున ఆగుచున్నదో చూడుడు. అమ్మకో, నాయనకో కొనునపుడు వారినే వెంట తీసికొనిపోయి వారి చేతికే ఇచ్చి చూపుడు. కుమారుని చేతికి కుదిరినది తల్లి చేతికి కుదురవలెనని లేదు. ఉన్న ఫోనులోనే అక్షరమును పెంచి చూచిన పిదప, చాలనిచో క్రొత్తదానిని ఆలోచింపుడు. ఫోనుతో మాటలాడుట తప్ప మరే పనియు లేని పెద్దలకు మీటల ఫోనే సుఖము. అది పాతదని వారి చేతినుండి లాగికొనవలదు. చదువుటకు, చూచుటకు కూర్చుండి వాడువారు నిస్సంకోచముగా పెద్దదే కొనవచ్చును. నడచుచు, పనులు చేయుచు వాడువారు మాత్రము తమ అరచేతిని ఒకమారు చూచుకొని, ఆ పిదప ధర అడుగుదురు గాక.