చెవికీ కాలికీ కలిపి ఆట

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘానికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంలో చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. చదువు గురించి చెప్పదగ్గ పెద్దలు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను 31 ఏళ్ళ ఉద్యోగంలో ఎక్కువ భాగం ఒకటి, రెండు తరగతులకే పాఠాలు చెప్పాను. అందుకని చదువుకు ముందు జరగాల్సిన దాని గురించి మాట్లాడతాను. అంటే ఆటల గురించి. అన్ని ఆటలూ కాదు, విని కదిలే ఆటలు, విని ఆగే ఆటలు.

ఒకటో తరగతి టీచరు రోజులో ఎక్కువసార్లు అనే మాట ఏమిటో తెలుసా? అక్షరాలు కాదు, అంకెలు కాదు. ‘ఇటు వినండి’ అన్న మాట. ఎన్నిసార్లు అన్నా ఐదారేళ్ళ పిల్లలు వినరు. అది మొండితనం కాదు. వినాలంటే ముందు కదులుతున్న ఒళ్ళు ఆగాలి. చుట్టూ ఉన్న పది చప్పుళ్ళలోంచి ఒకదాన్ని ఏరుకోవాలి. విన్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకోవాలి. ఆ తర్వాత దాని ప్రకారం చెయ్యాలి. ఈ నాలుగూ మనం కేకలేస్తే రావు, అలవాటు మీద వస్తాయి. ఆ అలవాటు ఆటలో పడినంత తొందరగా బెంచీ మీద పడదు. ఈ వేళ నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ఖోఖోనే తీసుకోండి. ఈ సభలో దాన్ని ఆడని వాళ్ళు తక్కువ. తరిమే జట్టులో ఎనిమిది మంది వరసగా కూర్చుంటారు. పక్కపక్క వాళ్ళు చెరో దిక్కుకు ముఖం పెడతారు. తొమ్మిదో మనిషి తరుముతాడు. వెనక నుంచి వీపు తట్టి ‘ఖో’ అంటేనే కూర్చున్నవాడు లేవాలి. ముందే లేస్తే ఫౌలు. అంటే ఉరకడానికి కాళ్ళు సిద్ధంగా ఉండాలి, మాట వినపడేదాకా ఆ కాళ్ళను బిగబట్టుకోవాలి. మనమంతా దాన్ని పరుగుపందెంలా చూశాం గానీ, నా లెక్కలో అది వినికిడి ఆట. చెడుగుడులో కూత ఆపకుండా అవతలి గీత దాటి రావడం ఊపిరికి సాధన. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద వంగి బిళ్ల తీయడం తూకానికి సాధన.

తూకానికీ వినికిడికీ చెవిలోనే చుట్టరికం ఉంది. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం శబ్దాన్ని పట్టుకుంటుంది. దాన్ని ఆనుకునే మూడు అర్ధవలయాకారపు గొట్టాలున్నాయి, వాటిలో ద్రవం ఉంటుంది. తల ఎటు తిరిగిందో ఆ ద్రవం కదలికను బట్టే మెదడుకు తెలుస్తుంది. రెండు కబుర్లూ ఒకే నరంలో రెండు పాయలుగా మెదడుకు చేరతాయి. ఆడపిల్లలు చేతులు పెనవేసుకుని వెనక్కి వాలి ఒప్పులకుప్ప తిరుగుతారు. ఆగిన తర్వాత కూడా లోకం తిరుగుతున్నట్టే ఉండడం ఆ ద్రవం వెంటనే నిలవకపోవడం వల్లే. ఒప్పులకుప్ప తిరిగితే వినికిడి పెరుగుతుందని నేను చెప్పడం లేదు. తన ఒళ్ళు ఎక్కడుందో తనకు తెలిసిన పిల్ల కుదురుగా కూర్చోవడానికి తక్కువ కష్టపడుతుంది, ఆ మిగిలిన శక్తిని వినడానికి వాడుకుంటుంది. అంతే నా మాట.

కళ్ళగంతలు ఆట సంగతి చూడండి. కుడివైపు నుంచి వచ్చే చప్పుడు కుడి చెవికి రవ్వంత ముందు చేరుతుంది, రవ్వంత గట్టిగా చేరుతుంది. ఆ తేడాను పట్టుకునే మెదడు దిక్కు చెబుతుంది. కళ్ళకు గంత కట్టుకున్న దొంగ చేసే పని అదే. చేతికి చిక్కిన వాళ్ళ నవ్వు విని పేరు చెప్పడం ఇంకో మెట్టు. మనలో పెద్దవాళ్ళకు రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు గుర్తుంటారు. బాలానందం వింటున్నప్పుడు ఎదురుగా బొమ్మ ఉండేది కాదు. గొంతును బట్టే మనిషిని పోల్చుకునేవాళ్ళం. ఈనాటి పిల్లల ముందు బొమ్మ ఎప్పుడూ ఉంటోంది. కన్ను అంత పని చేస్తుంటే చెవికి పని తగ్గుతోంది.

ఇక నా తరగతిలో ఆడించిన ఆటలు మూడు చెబుతాను. ఖర్చు లేనివి, ఎవరైనా ఆడించగలిగేవి.

మొదటిది తిరకాసు ఆట. నేను ‘తల’ అంటే పిల్లలు పాదాలు ముట్టుకోవాలి, ‘పాదాలు’ అంటే తల ముట్టుకోవాలి. చెయ్యి మామూలుగా పోయే దారిని ఆపి, విన్నదాన్ని తిరగేసి చెయ్యాలి. దీనికి ‘మోకాళ్ళు’, ‘భుజాలు’ కూడా కలిపి, చిన్నపిల్లల్లో నిగ్రహం ఎంత కుదిరిందో కొలవడానికి అమెరికా పరిశోధకులు ఒక పద్ధతే తయారు చేశారు. మన పిల్లలకు అది కొలత కాదు, నవ్వుల పండగ. మొదటి రోజు అందరూ తప్పులే చేస్తారు. పది రోజులకు ‘కొంచెం ఆగి చేద్దాం’ అన్నది వాళ్ళ ఒంటికి తెలుస్తుంది.

రెండోది అడుగుల ఆట. ఇది తెలుగు కోసమే పెట్టుకున్నది. పిల్లలు గీత మీద నిలబడతారు. నేనొక మాట పలుకుతాను. పొట్టిగా పలికే అక్షరానికి చిన్న అడుగు, సాగే అక్షరానికి పెద్ద అంగ. ‘పడు’ అంటే రెండు చిన్న అడుగులు. ‘పాడు’ అంటే ఒక పెద్ద అంగ, ఒక చిన్న అడుగు. ‘గద’ అంటే రెండు చిన్నవి. ‘గద్ద’ అంటే మొదటిది పెద్దది, ఎందుకంటే ద్ద ముందున్న గ మీద గొంతు ఊనుతుంది. డిక్టేషన్‌లో దీర్ఘాలు, ఒత్తులు పోగొట్టే పిల్లలు చాలామంది చేతిరాతలో తప్పు చెయ్యడం లేదు, ఆ తేడాను చెవితో పట్టుకోలేకపోతున్నారు. కాలితో వేసిన తేడా చెవికి నిలుస్తుంది. ఇక్కడున్న తెలుగు పండితులు నవ్వుకుంటున్నారు. అవును, లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని పెద్ద తరగతుల్లో మీరు నేర్పే ఛందస్సే ఇది. ఆ పేర్లు తెలియకముందే పిల్లలు గురులఘువుల మీద నడిచి వస్తారు. కాలు సహకరించని పిల్లలుంటే చప్పట్లతో ఆడతారు. చిన్న చప్పట్లు, పెద్ద చప్పట్లు. ఆట ఆటే.

విదేశాల్లో మనవల్ని పెంచుతున్న మిత్రులు ఈ సభలో ఉన్నారు. ‘తెలుగు అర్థమవుతుంది గానీ బదులు ఇంగ్లీషులోనే ఇస్తారు’ అని నాతో అన్నారు. హాల్లో సోఫా కొంచెం జరిపి పది నిమిషాలు ఈ అడుగుల ఆట ఆడించండి. పాఠం అంటే పారిపోయే పిల్లలు దీనికి పారిపోరు.

మూడోది గుసగుస పిలుపు. ఇది నాది కాదు. మరియా మాంటిస్సోరిగారు 1907లో రోములో పసిపిల్లల బడి తెరిచినప్పుడు ఆడించిన నిశ్శబ్దపు ఆటకు ఇది మన రూపం. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన దేశపు టీచర్లకు శిక్షణ ఇచ్చారు. పిల్లలందరూ కళ్ళు మూసుకుని చప్పుడు లేకుండా కూర్చుంటారు. టీచరు వెనకగా, దూరంగా నిలబడి ఒక్కొక్కరి పేరూ గుసగుసగా పిలుస్తుంది. తన పేరు వినపడిన పిల్ల అడుగు చప్పుడు కాకుండా లేచి రావాలి. నలభై మంది పిల్లలున్న గదిలో బయట చెట్టు మీది పిట్ట కూత వినపడిన రోజు ఉంది.

ఈ ఆట వల్ల జరిగిన ఒక మేలు చెప్పాలి. నా రెండో తరగతిలో ఒక పాప ఉండేది. పిలిస్తే పలకదని, పరధ్యానమని అప్పటికే పేరు పడింది. ఎదురుగా నిలబడి చెబితే మాత్రం ఠక్కున చేసేది. గుసగుస పిలుపులో మూడు రోజులు వరసగా తన పేరుకు లేవలేదు. నాలుగో రోజు తనకు కనపడేలా ముందుకు వచ్చి పిలిస్తే నవ్వుతూ వచ్చింది. అప్పుడు అర్థమైంది, ఆ పాప నా మాటను చెవితో కాదు, పెదవులు చూసి పట్టుకుంటోందని. వాళ్ళమ్మను పిలిపించి అడిగితే, జలుబు చేసినప్పుడల్లా చెవి పోటు అంటుందని చెప్పింది. ప్రభుత్వాసుపత్రిలో చెవి డాక్టరుకు చూపించారు. రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరి ఉంది. కొన్ని నెలలు వైద్యం జరిగింది, ముందు బెంచీకి మార్చాను. ఆ ఏడాది చివరికి వెనక నుంచి పిలిచినా తిరిగి చూసేది.

ఆట వైద్య పరీక్ష కాదు. అనుమానం కలిగించడం వరకే దాని పని, తేల్చాల్సింది డాక్టరే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని కింద వైద్య బృందాలు బడులకు వచ్చినప్పుడు చూసే వాటిలో వినికిడి లోపం కూడా ఉంది. ‘ఈ పిల్లను ప్రత్యేకంగా చూడండి’ అని వాళ్ళకు చెప్పగలిగేది రోజూ పిల్లలతో ఆడే టీచరే. ఆట లేని తరగతిలో అటువంటి పిల్ల మొద్దుగానే మిగిలిపోతుంది. నన్ను ఇక్కడికి వచ్చి మాట్లాడమని తోసింది ఆ భయమే.

ఆడించే వాళ్ళకు రెండు జాగ్రత్తలు. ఒకటి, చిన్నపిల్లల ఆటలో ‘అవుట్’ తీసెయ్యండి. కుర్చీలాటలో ముందు అవుటయ్యేది వినడం రాని పిల్లే. సాధన ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళే మూల కూర్చుంటారు. కుర్చీ తగ్గించండి గానీ పిల్లను తగ్గించకండి, ఇద్దరు ఒక కుర్చీలో సర్దుకుంటారు. రెండు, గిరగిరా తిరగడం, కళ్ళకు గంత కట్టడం పిల్ల ఇష్టపడితేనే. ‘చాలు’ అన్నప్పుడు ఆపాలి. మన మాట విని వాళ్ళు ఆగాలంటే, వాళ్ళ మాట విని మనం ఆగాలి కదా.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న నాకు తెలుసు. ‘టైమంతా ఆటలకే పోతే సిలబస్ ఎప్పుడు?’ అంటారు. ఐదేళ్ళ నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒంటికి బాగా పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఆటతోనే చదువు అంటోంది. నేను అడుగుతున్నది అందులో 20 నిమిషాలే. ఆ 20 నిమిషాల తర్వాత ‘ఇటు వినండి’ అని నాలుగుసార్లు అనే చోట ఒకసారి అంటే చాలు. సిలబస్‌కు అక్కడే టైము మిగులుతుంది.

చివరగా ఒక మనవి. స్వర్ణోత్సవ నిధితో ప్రైమరీ తరగతుల వెనక ఖాళీ స్థలంలో రెండు కంప్యూటరు గదులు కట్టాలన్న ప్రతిపాదన మన సంఘం ముందుంది. కంప్యూటర్లు కావాలి, నేను కాదనను. వాటిని మేడ మీద కట్టొచ్చు. ఖోఖో మేడ మీద ఆడించలేం. విద్యాహక్కు చట్టం 2009లోనే బడికి ఉండాల్సిన వాటిలో ఆటస్థలాన్ని చేర్చింది. ఆ నేలను చదును చేయించి, రాళ్ళు ఏరించి, రెండు నీడ చెట్లు నాటించి, పిల్లలకే వదిలేయాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఒకటి, రెండు తరగతులకు మొదటి పీరియడ్‌కు ముందు 20 నిమిషాలు ఆటకు ఇప్పించమని ప్రధానోపాధ్యాయులవారిని కోరుతున్నాను. ఊళ్ళోనే ఉంటున్న పూర్వ విద్యార్థులు, ముఖ్యంగా రిటైరైన వాళ్ళు వారానికి ఒక ఉదయం వచ్చి తమకు తెలిసిన ఆట ఒకటి నేర్పితే చాలు, ఏడాది తిరిగేసరికి ఈ పిల్లల దగ్గర పెద్ద ఆస్తే పోగవుతుంది. మొదటి సోమవారం నాది అని రాసుకోండి.

ఇంతసేపు కదలకుండా కూర్చుని విన్నారు. మీరందరూ చిన్నప్పుడు బాగా ఆడుకున్నవాళ్ళేనని దాంతోనే తెలిసిపోయింది. సెలవు.