అంతుపట్టని గుండెదడ: కారణాన్వేషణము



ఒక పెద్దమనిషి రాత్రి భోజనము ముగించి అరుగుపై కూర్చుండును. ఉన్నట్టుండి గుండె యొక కొట్టు తప్పినట్లును, మరుక్షణమున గట్టిగా తన్నినట్లును తోచును. పిమ్మట గుప్పిట బట్టిన పిట్టవలె పావుగంటసేపు తడబడి, తానై సర్దుకొనును. ఇంటివారు గాలి సోకినదందురు. ఇరుగుపొరుగువారు దిగులందురు. కుమారుడు తండ్రిని హైదరాబాదునకు తోడ్కొనిపోయి, అమీరుపేటలో మెట్రో రైలు దింపి, అచ్చటి పరీక్షా కేంద్రములలో నొకదానియందు ఇ.సి.జి. తీయించును. కాగితముమీది గీతలన్నియు సక్రమముగా నుండును. “ఏమియు లేదు, ధైర్యముగా నుండుడు” అని చెప్పి పంపుదురు. మూడవనాటి రాత్రి మరల దడ మొదలగును.

ఇప్పుడాయనకు బాధలు రెండు: దడ యొకటి, తన మాట నెవ్వరును నమ్మరను చింత యొకటి. ఇట్టివారికిని, వీరి యింటి పెద్దలకును ఉపయోగపడునని ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

మొదట ఈ నగరమునకే చెందిన యొక పాత కథ వినుడు. శస్త్రచికిత్సకు మత్తిచ్చుటకు క్లోరోఫారము వాడుచుండిన దినములలో, కొందరు రోగులు బల్లమీదనే హఠాత్తుగా మరణించుచుండిరి. ముందుగా ఆగునది గుండెయా, ఊపిరియా అను వివాదము వైద్యలోకమున చెలరేగెను. హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా నుండిన ఎడ్వర్డు లారీ దొర, ఊపిరిని కనిపెట్టుకొనియున్న చాలును, గుండెకు భయము లేదని వాదించెను. ఆరవ నిజాము మహబూబు అలీఖాను ప్రభుత్వ సహాయమున 1888లో ఒక సంఘమును, 1889లో రెండవ సంఘమును ఈ విషయమును పరిశోధించినవి. రెండవదానికి లండను నుండి లాడరు బ్రంటను అను ప్రసిద్ధ వైద్యుడు వచ్చెను. వందలకొలది జంతువులపై ప్రయోగములు జరిపి, లారీ చెప్పినదే నిజమని తేల్చిరి.

అయినను రోగులు చనిపోవుట మానలేదు. 1911లో గుడ్‌మను లెవీ అను వైద్యుడు ఇంగ్లాండులో పిల్లులపై ప్రయోగములు చేసి అసలు సంగతి కనుగొనెను. మత్తు గాఢముగా నున్నప్పుడు గాక, అది తేలికగా నున్నప్పుడే గుండె క్రింది గదులు లయ తప్పి, ఊరక వణకి, నిలిచిపోవుచుండెను. హైదరాబాదు సంఘమువారు శ్రద్ధ లేనివారు కారు, పరికరములు లేనివారును కారు. వారు చూచినది వేరొక సమయము. దోషము జరుగు ఘడియలో చూడనివానికి దోషము కానరాదు.

అమీరుపేటలో మన పెద్దమనిషికి జరిగినదియు నిదియే. ఇ.సి.జి. యంత్రము సాధారణముగా పది సెకండ్ల గుండెనడకను మాత్రమే వ్రాయును. దినమునకు 86,400 సెకండ్లు గదా! దొంగ రాని వేళ కావలి కాచి, ఊరిలో దొంగయే లేడనుట ఎట్టిదో, దడ లేని వేళ గీసిన గీతను జూచి జబ్బు లేదనుట యట్టిది.

గుండె కుడివైపు పైగదిలో ఒక చిన్న కణసముదాయము కలదు. అది తాళము వేయువానివలె నిమిషమునకు 60 మొదలు 100 వరకు విద్యుత్సంజ్ఞల బుట్టించును. ఆ సంజ్ఞ నడిమి స్థానమున క్షణమాగి, క్రిందిగదులకు దిగును. ఒక్కొక్కప్పుడు వేరొక చోటి కణము తొందరపడి ముందుగా తాళము వేయును. దాని తరువాత కొంచెము విరామము వచ్చి, పిమ్మటి కొట్టు బలముగా తగులును. గుండె జారినట్లు తోచుట దీనివలననే. గుండె నిర్మాణము బాగుగా నున్నవారిలో నిది మిక్కిలి సామాన్యము, తరచుగా నిరపాయకరము.

కాని, పైగదులు క్రమము బొత్తిగా తప్పి వణకు జబ్బు వేరు. అప్పుడు నాడి యొక తీరున నుండదు. పైగదిలో రక్తము నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు పోయినచో పక్షవాతము వచ్చును. కావున ‘ముసలితనపు దడ’ అని దీనిని ఉపేక్షింపరాదు. సకాలమున గుర్తించినచో, గడ్డ కట్టనీయని మందులతో ఆ యాపదను చాలవరకు తప్పింపవచ్చును.

కారణము గుండెలోనే యుండవలెనను నియమము లేదు. రక్తహీనత, జ్వరము, థైరాయిడ్ గ్రంథి యతిచేష్ట, వాంతులు విరేచనములవలన పొటాసియము తగ్గుట, కల్లు, సారాయి, పొగాకు, నిద్రలో ఊపిరి యాగియాగి సాగుట, ఆయాసమునకు వాడు కొన్ని మందులు: ఇవన్నియు లయను చెరుపగలవు. రక్తపోటు, బాల్యమున కీళ్లవాతజ్వరముచే చెడిన కవాటములు మరికొన్ని హేతువులు. మన దొడ్లలోని పచ్చగన్నేరు గింజలలో గుండెనడకను ఆపగల విషము కలదు. చెట్టుమందులలో ఏమి కలిసినదో తెలియక మ్రింగుట ప్రమాదకరము. వైద్యునియొద్ద సిగ్గుపడి వీనిలో దేనిని దాచినను, అన్వేషణ దారి తప్పును.

ఇక వెదకు విధానము. దడ ఎప్పుడో గాని రానప్పుడు యంత్రమే రోగిని వెంబడింపవలెను. అమెరికాలో నార్మను హోల్టరు అను శాస్త్రజ్ఞుడు 1947 ప్రాంతమున నిర్మించిన తొలి పరికరము సుమారు 38 కిలోల బరువుండెను. దానిని వీపున మోయవలసి వచ్చెను. నేడది జేబులో నిముడును, ఒక దినమో అంతకెక్కువయో ప్రతి కొట్టును వ్రాయును. నెలకొకసారి మూర్ఛవచ్చి పడిపోవువారికి, చర్మము క్రింద నమర్చి మూడేండ్ల వరకు కాపు కాయగల చిన్న పరికరము కూడ కలదు. అమీరుపేట తరువాతి స్టేషను పంజాగుట్ట. అచ్చటి నిజాము వైద్య విజ్ఞాన సంస్థ పూర్వము ఎముకల ఆసుపత్రిగా నుండినది. ఇప్పుడందు హృద్రోగ విభాగమును గలదు. అంతటి చోటికి పోయినను, వైద్యుడు మొదట అడుగునది మన వృత్తాంతమునే.

కావున ఇంట నొక చిన్న పుస్తకము పెట్టుకొనుడు. దడ వచ్చిన తేదీ, వేళ, ఎంతసేపుండెను, అప్పుడేమి చేయుచుంటిరి, హఠాత్తుగా వచ్చి హఠాత్తుగా పోయెనా లేక మెల్లగా తగ్గెనా, ఇవన్నియు వ్రాయుడు. మణికట్టుమీద, బొటనవ్రేలి మూలమున, రెండు వ్రేళ్లుంచి పూర్తిగా ఒక నిమిషము నాడి లెక్కింపుడు. ఆ లయ యెట్లున్నదో బల్లమీద వ్రేలితో కొట్టి వైద్యునికి వినిపింపుడు. దానివలన ఆయనకు చాల తెలియును. దడ యున్నప్పుడే దగ్గరి ఆరోగ్య కేంద్రమునకు పోయి ఇ.సి.జి. తీయించుకొనగలిగినచో, ఆ కాగితము పదిలపరచుడు. సక్రమముగా వచ్చిన నూరు కాగితములకంటె ఆ యొక్క కాగితము విలువైనది.

కొన్ని సూచనలు మాత్రము వేచియుండరానివి. దడతో స్పృహ తప్పుట, రొమ్ము నొప్పి, ఊపిరాడకపోవుట, మాట తడబడుట, మూతి వంకరపోవుట, ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట: వీనిలో ఏది కనబడినను పుస్తకము వ్రాయుచు కూర్చుండక, వెంటనే 108కి కబురు చేయుడు. ఆ యింటిలో చిన్నవయసుననే హఠాన్మరణము పాలయిన వారున్నచో, ఆ సంగతియు వైద్యునికి తప్పక చెప్పవలెను.

ఇన్ని చేసినను కొందరిలో కారణము దొరకదు. గుండె బలముగానే యున్నది, పరీక్షలన్నియు సరిగానే యున్నవి, దడ మాత్రము వచ్చి పోవుచుండును. అట్టివారికి ‘ఏమియు లేదు’ అనుట ఒక మాట. ‘ప్రమాదకరమైనది లేదని చూచితిమి, మరల వచ్చినచో మరల చూతము’ అనుట వేరొక మాట. మొదటిది రోగిని ఒంటరిని చేయును, రెండవది నిద్ర పట్టించును.

మీ యింట నెవ్వరేని ఈ బాధ చెప్పినప్పుడు, దిగులని కొట్టివేయక, ముందు వారి చేయి పట్టి నాడి చూడుడు. నాడి చూచుట మన పెద్దలెరిగిన విద్యయే. దానికి తోడు ఒక గడియారము, ఒక పుస్తకము చాలును.