నర్సు ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళే మన ఆడపిల్లల కోసం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సభ్యురాలి కుమార్తె చేసిన ప్రసంగ పాఠం)



నేను జీఎన్ఎం చదివింది మా అమ్మ సంఘంలో తీసుకున్న అప్పుతోనే. ఇప్పుడు విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా మూడో ఏడు చేస్తున్నాను. మన మండలంలో నర్సింగ్ పూర్తిచేసిన పిల్లలు ఇంటర్వ్యూలకు తిరుగుతున్నారు, వాళ్ళకి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నేను పిల్లల కంటే ముందు తల్లులకే చెబుతాను. వాయిదాలు కట్టేది మీరే కదా.

ముందు నేను తప్పిన ఇంటర్వ్యూ సంగతి చెబుతాను. రాతపరీక్ష బాగానే రాశాను. తర్వాత నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం, ఇంకో సీనియర్ సిస్టర్ ఉన్న గదిలోకి పిలిచారు. ఒక కాగితం నా ముందు పెట్టారు. ఇన్సులిన్ అని రాసి, పక్కన నాలుగు అంకె, దానికి ఆనుకుని యూనిట్లు అనడానికి ఇంగ్లీషు యూ అక్షరం ఉంది. చేతిరాతలో ఆ యూ పైన మూసుకుపోయి సున్నాలా కనబడుతోంది. “ఎంత ఇస్తావమ్మా?” అన్నారు. “నలభై యూనిట్లు మేడం” అన్నాను. “ఈ పేషెంటు పొద్దుట్నుంచీ సరిగ్గా తినలేదు. అయినా ఇస్తావా?” అన్నారు. “డాక్టర్ గారు రాశారు కదా మేడం, ఇస్తాను” అనేశాను. ఆవిడ ఇంకేం అడగలేదు. కాగితం వెనక్కి తీసుకున్నారు.

4 ఇవ్వాల్సిన చోట 40 ఇస్తే షుగర్ పడిపోయి మనిషి ప్రాణమే పోవచ్చు. అది నేను కాలేజీలో చదువుకున్నదే. భయంలో డాక్టర్ పేరు అడ్డం పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి ఏడుస్తూ కూర్చుంటే అమ్మ మొత్తం విని, “మా మీటింగులో పుస్తకంలో రాసిన లెక్కా, పెట్టెలో డబ్బూ కలవకపోతే సంతకం పెడతామంటే? రాసింది లీడరైనా సరే ఆగి అడుగుతాం. నువ్వెందుకు అడగలేదు?” అంది. మూడేళ్ళు చదివిన నాకు జవాబు అమ్మ నోట దొరికింది. ఇప్పుడైతే ఇలా చెబుతాను: మందు ఇవ్వకుండా ఆగుతాను, షుగర్ చూస్తాను, రాసిన డాక్టర్ గారినే అడుగుతాను, ఆయన దొరక్కపోతే ఇన్‌చార్జి సిస్టర్‌కి చెబుతాను, ఎవరికి ఎప్పుడు చెప్పానో రాసిపెడతాను. కొత్త పిల్లకి అన్నీ రావని వాళ్ళకీ తెలుసు. రానిచోట ఆగుతుందా లేదా అన్నదే చూస్తారు.

ఇన్సులిన్ మాట వచ్చింది గనుక ఒకటి చెప్పి ముందుకెళ్తాను. మీ ఇళ్ళల్లో సీసాలోంచి తీసి వేసుకునేవాళ్ళుంటే సీసా మీద 40 ఉందో 100 ఉందో చూడండి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ రంగు మూత సిరంజి. 100 సీసా మందు ఎర్ర మూత సిరంజిలో లాగితే రెండున్నర రెట్లు ఎక్కువ మందు వెళ్తుంది.

ఆ తర్వాత రోజూ రాత్రి అన్నాలయ్యాక అమ్మ మేడంలా కుర్చీలో కూర్చునేది, నేను ఎదురుగా నిలబడేదాన్ని. ప్రశ్నలు నేనే చీటీల మీద తెలుగులో రాసిచ్చాను. జవాబు ఒప్పో తప్పో అమ్మకి తెలియదు. కానీ నేను రానిదాన్ని వచ్చినట్టు చెబితే మాత్రం ఇట్టే పట్టేసేది. “గోడకేసి చూస్తున్నావు, నీకది రాదు” అనేది. నిజంగానే రాదు. మీకు చదువు లేదని వెనక్కి తగ్గకండి. కన్నపిల్ల బొంకితే తల్లికి తెలియకుండా పోతుందా?

అడిగేవి చాలావరకు వార్డులో రోజూ చేసేవే. మందు ఇచ్చేముందు చూడాల్సిన ఐదు: సరైన పేషెంటు, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన టైము. సెలైన్ లెక్క తప్పకుండా అడుగుతారు. 500 మిల్లీలీటర్ల సీసా 4 గంటల్లో ఎక్కాలి, సెట్టు మిల్లీలీటరుకి 20 చుక్కలది అనుకోండి. 500ని 20తో గుణించి 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. వడ్డీ లెక్క నోటితో కట్టే ఇంటి పిల్లకి ఇదేం కష్టం కాదు, కాకపోతే పదిసార్లు చేసి ఉండాలి. వాడిన సూది తెల్ల డబ్బాలో, గ్లౌజులు ఎర్ర సంచిలో, నెత్తురంటిన దూది పసుపు సంచిలో, గాజు సీసాలు నీలం డబ్బాలో. గుండె ఆగిన పెద్దవాళ్ళకి ఛాతీ మీద 30 సార్లు నొక్కి రెండు శ్వాసలు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో. ఇవి చూడకుండా రావాలి.

“మీ గురించి చెప్పండి” అంటే చాలామంది ఊరు, నాన్నగారి పేరు, హాబీలు అప్పజెబుతారు. ఏ వార్డుల్లో పోస్టింగ్ చేశారో, స్వయంగా చేసినవేమిటో, పక్కన నిలబడి చూసినవేమిటో విడివిడిగా చెబితే చాలు. నేను రెండోసారి “కాన్పులు చూశాను, సాయం చేశాను, ఒంటరిగా చేయలేదు” అన్నాను. ఇంగ్లీషు తడబడితే “తెలుగులో చెప్పమ్మా” అని వాళ్ళే అన్నారు. మందుల పేర్లు, వార్డులో వాడే మాటలు మాత్రం ఇంగ్లీషులో తప్పులేకుండా పలకాలి.

ఫైలు ముందురోజు రాత్రి సర్దుకోకండి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, నర్సింగ్ మెమోలు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఆధార్, ఫొటోలు, అన్నిటికీ రెండేసి జెరాక్సులు. హెపటైటిస్ బి టీకా వేయించుకున్న కాగితం కూడా. ఆ టీకా మూడు డోసులు ఆరు నెలల్లో పూర్తవుతుంది, కాబట్టి చదువుతుండగానే వేయించండి.

చివర్లో “మీరేమైనా అడుగుతారా?” అంటారు. సిగ్గుపడి లేచి రాకూడదు. ట్రైనింగ్ ఎన్ని నెలలు, అప్పుడు జీతమెంత, తర్వాత ఎంత, కొత్తవాళ్ళ పక్కన సీనియర్ సిస్టర్ ఎన్ని రోజులుంటారు, నైట్ డ్యూటీకి ఎప్పటినుంచి వేస్తారు, హాస్టల్ డబ్బు జీతంలో కోస్తారా, బాండ్ ఉందా. మర్యాదగా అడిగితే ఎవరూ తప్పు పట్టరు. తప్పు పట్టారంటే అక్కడ చేరకముందే మనకి సంగతి తెలిసినట్టే.

ఒరిజినల్స్ విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. నాతో చదివిన అమ్మాయి ఒకచోట ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేసి చేరింది. బాండ్ రెండేళ్ళు. మధ్యలో ప్రభుత్వ ఉద్యోగానికి సర్టిఫికెట్లు చూపించమని పిలుపొచ్చింది. ఆ ఆసుపత్రి వాళ్ళు డబ్బు కడితేనే ఇస్తామన్నారు. వాళ్ళమ్మ గాజులు తాకట్టు పెట్టి కట్టింది, అప్పటికి పిలిచిన తేదీ దాటిపోయింది. ఒరిజినల్స్ చూపించాలి, అక్కడే సరిచూసుకోనిచ్చి చేత పట్టుకుని రావాలి. అట్టిపెట్టుకుంటామంటే చేరకపోవడమే మంచిదని నా అభిప్రాయం. వాయిదా గడువు నెత్తి మీదున్నప్పుడు ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే, నర్సింగ్ చదువుకి అప్పు తీసుకున్న ఇంటికి, పిల్లకి ఉద్యోగం దొరికేదాకా కొన్ని నెలలు వాయిదా సడలించే తీర్మానం చేయమని ఈ సభను అడుగుతున్నాను. మా అమ్మ వాయిదా రెండు నెలలు ఆలస్యమైతే మా సంఘం ఓర్చుకుంది. ఆ రెండు నెలల్లోనే నాకు రెండో ఇంటర్వ్యూ వచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సమాఖ్య ఆఫీసులో ఉంటాను. ఫైలు తెచ్చుకున్న పిల్లలు రండి, చూసిపెడతాను. తల్లులూ రండి, ప్రశ్నల చీటీలు రాసి తెచ్చాను.