ప్రశ్న అడగవలసిన రాత్రి



యూదుల మత పాఠశాలల్లో పిల్లలు ఏం నేర్చుకుంటారన్నది నేటి విషయం. అమెరికాలో వీటిని ఎక్కువగా ఆదివారాల్లో నడుపుతారు. అక్కడ మొదటిది 1838లో ఫిలడెల్ఫియాలో రెబెకా గ్రాట్జ్ అనే మహిళ ప్రారంభించారు. హీబ్రూ అక్షరాలు, ప్రార్థనలు, పండుగల కథలు నేర్పుతారు. పూర్వం బడిలో చేరిన రోజున అక్షరాలకు తేనె రాసి పిల్లవాడిచేత నాకించేవారు. మన అక్షరాభ్యాసపు పళ్ళెంలోని బియ్యం గుర్తొస్తుంది కదూ!

హనుక్కా పండుగకు హీబ్రూ అక్షరాలున్న బొంగరం ఆడతారు. ‘అక్కడ గొప్ప అద్భుతం జరిగింది’ అనే మాటలకు అవి మొదటి అక్షరాలు. ఇజ్రాయెల్‌లోనైతే ‘అక్కడ’ తీసేసి ‘ఇక్కడ’ అంటారు! పూరీం నాడు ఎస్తేరు కథ చదువుతూండగా దుష్టుడైన హామాను పేరు వినబడితే చాలు, గిలక్కాయలు తిప్పి గోల చేస్తారు. అదీ ప్రార్థనామందిరంలో, పెద్దల అనుమతితోనే.

అసలు తయారీ అంతా పస్కాకు. ఈజిప్టు దాస్యం నుంచి విడుదలైన కథను ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పుకుంటారు. ఈ రాత్రి ప్రత్యేకత ఏమిటని ఇంట్లో అందరికన్నా చిన్నవాడు అడగాలి. ఆ ప్రశ్నలనే బడిలో ముందునుంచి రాగంతో వల్లె వేయిస్తారు. జవాబు చెప్పడం ఇంటి పెద్దల వంతు. పిల్లలు నిద్రపోకుండా పులియని రొట్టెముక్క దాచి, వెతికి తెస్తే బహుమతి ఇస్తారు.

మనలో పిల్లలు, మనుమలు దూరదేశాల్లో ఉన్నవారు చాలామంది. వారు ఈ నియమం కూడా వినాలి. అడిగే పిల్లలు లేని ఇంట్లో భార్య అడుగుతుంది. ఒంటరివాడైతే తన్ను తానే అడుక్కుని, కథంతా తనకే చెప్పుకోవాలి.